మూరెడు రేకు

పలమనేరు, కుప్పం మెట్టల నుంచి శ్రీకాళహస్తి వైపు మాగాణుల దాకా తిరుపతి, చిత్తూరు జిల్లాల సేద్యంలో నేడు కనిపించే యంత్రాలు పైకి ఒకదానితో ఒకటి పోలిక లేనివి. దుక్కిని పిండి చేసే రోటవేటర్, వేరుశనగ చెట్ల నుంచి కాయలు రాల్చే నూర్పిడి యంత్రం, పాడి ఇళ్ల ముంగిట గడ్డి నరికే చాఫ్ కట్టర్, బెల్లం వండే చోట చెరకు రసం పిండే గానుగ, వీటిలో ప్రతిదానికీ పని వేరు, రూపం వేరు, కాలం వేరు. అయినా వీటన్నిటినీ నడిపేది ఒకే రకం చలనం: ఒక ఇరుసు చుట్టూ ఇనుము తిరగడం. ఈ యంత్రాల దగ్గర చేయి పోయినా, కాలు పోయినా, ప్రాణమే పోయినా ఊళ్లో సాధారణంగా వినిపించే మాట ‘చూసుకోలేదు’ అన్నదే. ఆ మాట తప్పుపట్టేది గాయపడిన మనిషిని. తిరిగే ఇనుము వేగాన్ని, దాని లాగుడు బలాన్ని, మనిషి కంటికీ కండరానికీ ఉన్న పరిమితులనూ పక్కపక్కన పెట్టి లెక్కకట్టినప్పుడు, ఎంత జాగ్రత్తగా చూసుకునే మనిషికైనా తప్పించుకునే వ్యవధి దొరకని సందర్భాలే ఎక్కువని తెలుస్తుంది.

ఈ లెక్కను ట్రాక్టర్ వెనుక నుంచి మొదలుపెట్టడం సబబు. ట్రాక్టర్ ఇంజన్ శక్తిని వెనుక తగిలించిన పనిముట్టుకు అందించడానికి బయటికి పొడుచుకువచ్చి ఉండే పళ్ల ఇరుసును పీటీవో అంటారు. ‘పవర్ టేక్ ఆఫ్’ అనే మాటలకు అది పొట్టి రూపం. దాని వ్యాసం సుమారు 35 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలు కంటే లావు. ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. ఈ ఇరుసుకూ, రోటవేటర్‌కో నూర్పిడి యంత్రానికో మధ్య శక్తిని మోసే పొడవాటి కడ్డీకి రెండు చివర్లా క్రాస్ జాయింట్లు ఉంటాయి. ట్రాక్టర్ వంగినా, పనిముట్టు పైకి లేచినా కడ్డీ తిరగడం ఆగకుండా చూసేవి అవే. ఈ జాయింటు అడ్డంగా 10 సెంటీమీటర్లు ఉందనుకుంటే దాని చుట్టుకొలత సుమారు 31 సెంటీమీటర్లు. సెకనుకు తొమ్మిది చుట్ల చొప్పున దాని అంచు సెకనుకు 2.8 మీటర్ల వేగంతో కదులుతుంది. చూసిన దానికి మనిషి స్పందించడానికి, అంటే కన్ను పట్టి, మెదడు గుర్తించి, కండరం కదలడానికి, ఎదురుచూస్తున్న సంకేతం విషయంలోనే సెకనులో ఐదో వంతు పడుతుంది. ఎదురుచూడనిదైతే అంతకు రెండు మూడు రెట్లు పట్టవచ్చు. అర సెకను అనుకున్నా ఆ లోపల జాయింటు నాలుగున్నర చుట్లు తిరిగి, దానికి తగులుకున్న గుడ్డను దాదాపు 1.4 మీటర్ల మేర తన చుట్టూ చుట్టేసుకుంటుంది. చీర కొంగు వదులుగా వేలాడే పొడవు కానీ, భుజం మీది తువాలు పొడవు కానీ అంతకంటే పెద్దగా ఎక్కువ ఉండదు.

గుడ్డ చుట్టుకున్నప్పటికీ మనిషి గట్టిగా వెనక్కి లాగితే ఊడివస్తుంది కదా అన్న భావన సహజమే కానీ, భౌతికశాస్త్రం అందుకు ఒప్పుకోదు. బెదిరిన ఎద్దును ఆపవలసి వచ్చినప్పుడు పశువుల కాపరి పలుపుతాడును గుంజ చుట్టూ రెండు మూడు సార్లు చుట్టి, కొసను రెండు వేళ్లతో పట్టుకుంటాడు. అవతల ఎద్దు ఎంత గుంజినా తాడు జారదు. ప్రతి చుట్టులోనూ తాడుకూ కొయ్యకూ మధ్య ఘర్షణ పెరుగుతుంది. ఆ పెరుగుదల కూడిక లెక్కలో కాక గుణకారం లెక్కలో జరుగుతుందని 18వ శతాబ్దపు స్విట్జర్లాండ్ గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రం చెబుతుంది. ఘర్షణ గుణకం, అంటే రెండు తలాలు ఒకదానినొకటి ఎంత పట్టుకుంటాయో చెప్పే అంకె, 0.3 ఉందనుకుంటే ఒక చుట్టుకు పట్టు ఆరున్నర రెట్లు, రెండు చుట్లకు 43 రెట్లు, మూడు చుట్లకు 285 రెట్లు అవుతుంది. కొస దగ్గర 100 గ్రాముల బరువంత పట్టు మాత్రమే ఉన్నా, మూడు చుట్ల తరువాత అది 28 కిలోల లాగుడును తట్టుకుంటుంది. తిరిగే కడ్డీ విషయంలో కొసను పట్టుకునే వేళ్లు కూడా అక్కరలేదు, ఎందుకంటే తరువాత పడే చుట్టు ముందు చుట్టు మీద పడి దాన్ని నొక్కిపట్టేస్తుంది. సెకనుకు తొమ్మిది చుట్ల వేగంలో మూడు చుట్లు పూర్తికావడానికి పట్టేది సెకనులో మూడో వంతు. ఏదో తగులుకుందని మనిషికి తెలిసే సమయానికి ముడి బిగిసిపోయి ఉంటుంది.

ఆ తరువాత మిగిలేది బలాబలాల పోలిక. పీటీవో దగ్గర 30 హార్స్‌పవర్ శక్తి అందుతోందనుకుంటే, 540 చుట్ల వేగంలో టార్క్, అంటే మెలితిప్పే బలం, సుమారు 400 న్యూటన్ మీటర్లు ఉంటుంది. ఇరుసు నడిమధ్య నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గుడ్డ మీద అది దాదాపు 800 కిలోల బరువంత లాగుడుగా పనిచేస్తుంది. పగలంతా మడక లాగే ఎడ్ల జత తమ మొత్తం బరువులో పదో వంతుకు అటూఇటుగా లాగుతుందని లెక్క; చెరి 400 కిలోలున్న ఎడ్లయితే అది 80 కిలోలు. ఈ రెండింటి మధ్య ఉన్న పది రెట్ల తేడా కంటే మరో తేడా ముఖ్యమైనది. కపిల తోలి బావి నీళ్లు తోడే కాలంలోనూ, ఎద్దుల గానుగ కాలంలోనూ మనిషి కేక పెడితే ఎద్దు ఆగేది. అడ్డు తగిలితే కాడి కింద అది నిలిచిపోయేది. ఇంజన్ గవర్నర్, అంటే వేగాన్ని నిలకడగా ఉంచే అమరిక, అడ్డు తగిలిన ప్రతిసారీ మరింత డీజిల్ పంపి వేగం పడిపోకుండా చూస్తుంది. చిక్కుకున్న చేయి దానికి కేవలం అదనపు భారం.

ఇందులో బట్టల రకానికి కూడా పాత్ర ఉంది. పాతబడిన నూలు గుడ్డ గట్టిగా లాగితే చిరిగిపోతుంది, ఆ చిరుగే కొన్నిసార్లు ప్రాణం నిలుపుతుంది. పాలిస్టర్, నైలాన్ చీరలూ చొక్కాలూ అంత తేలికగా చిరగవు. తిరుమలలోనో కాణిపాకంలోనో చేతికి కట్టించుకున్న దారం, మెడలో తాళి, గాజులు, వేళ్లకు ఉంగరాలు, జడకు కట్టిన రిబ్బన్, మొలకు చుట్టిన లుంగీ అంచు, ఇవన్నీ తిరిగే కడ్డీకి తాడుతో సమానమే. తాళిని తీసి పక్కన పెట్టమనడం ఈ ప్రాంతపు స్త్రీలకు చెప్పవలసిన సలహా కాదు. దాన్ని జాకెట్టు లోపలికి వేసుకుని, కొంగును నడుముకు బిగించి, పైన బిగుతుగా ఉండే పాత పొడుగు చేతుల చొక్కా తొడుక్కోవడం నాట్లలోనూ కోతల్లోనూ వారికి ఇప్పటికే అలవాటైన పద్ధతి. జడను ముడివేసి గుడ్డతో కప్పడం అంతకంటే అవసరం, ఎందుకంటే జుట్టు చుట్టుకున్నప్పుడు తల మీది చర్మమే ఊడివస్తుంది.

ప్రమాదాన్ని కన్ను ముందే పసిగట్టలేకపోవడానికి మరో కారణం ఉంది. నున్నని గుండ్రటి కడ్డీ తిరుగుతున్నప్పుడు దాని మీద గుర్తులేవీ లేకపోతే అది తిరుగుతున్నట్టే తోచదు. నిలిచి ఉన్న కడ్డీకీ దానికీ చూపులో తేడా ఉండదు. రాత్రిపూట విద్యుత్ దీపాల వెలుగులో ఈ భ్రమ ఇంకా పెరుగుతుంది. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తాలతో ప్రవహించే ఏకాంతర విద్యుత్తు కాబట్టి ట్యూబులైటూ, నాసిరకం ఎల్‌ఈడీ దీపమూ సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. నాలుగు ఆకులున్న చక్రం నిమిషానికి 1500 చుట్లు, అంటే సెకనుకు 25 చుట్లు తిరిగితే, ప్రతి మిణుకుకూ ఒక ఆకు స్థానంలోకి సరిగ్గా మరో ఆకు వచ్చి చేరుతుంది. ఫలితంగా చక్రం నిలిచిపోయినట్టు కనిపిస్తుంది. మోటార్లలో అధికభాగం దీనికి కొంచెం తక్కువగా 1440 చుట్ల దగ్గర తిరుగుతాయి కాబట్టి వాటికి నేరుగా బిగించిన చక్రం నెమ్మదిగా వెనక్కి జరుగుతున్నట్టు తోచడం కూడా మామూలే. శాస్త్రజ్ఞులు దీన్ని స్ట్రోబోస్కోపిక్ ప్రభావం అంటారు. పగటి విద్యుత్ కోత వల్లనో, అద్దె యంత్రం పొద్దుపోయాక రావడం వల్లనో రాత్రి నూర్పిళ్లు సాగే చోట ఇది పుస్తకాలకు పరిమితమైన వింత కాదు.

నూర్పిడి యంత్రం సంగతి మరింత వివరంగా చూడదగినది, ఎందుకంటే ఈ దేశంలో సేద్యపు యంత్రాల భద్రతకు సంబంధించిన చట్టం పుట్టింది దాని చుట్టూనే. హరిత విప్లవం వచ్చిన తొలి దశాబ్దాల్లో పంజాబ్, హర్యానాల్లో గోధుమ దిగుబడి ఒక్కసారిగా పెరిగి, ఊరూరా చిన్న కార్ఖానాల్లో నూర్పిడి యంత్రాలు తయారయ్యాయి. పళ్లతో తిరిగే డ్రమ్ములోకి పంటను తోసే దారి పొట్టిగా ఉండడం వల్ల వందలాది కూలీల చేతులు పంటతోపాటే లోపలికి వెళ్లాయి. 1979లో అప్పటి భారత ప్రమాణాల సంస్థ (ఐఎస్ఐ) ఈ యంత్రాల భద్రతకు ఐఎస్ 9020 అనే ప్రమాణం వెలువరించింది. 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసి, వ్యవసాయ, గ్రామీణ రంగాల్లో వాడే ప్రమాదకర యంత్రాల తయారీ, అమ్మకం, వాడకం మీద బాధ్యతలు పెట్టి, గాయపడిన వారికి పరిహారం కూడా అందులో చేర్చింది.

ఐఎస్ 9020లో కీలకమైనది పంటను తోసే దోనె కొలత. తయారీదారులు దీన్నే చ్యూట్ అంటారు. దోనె మొత్తం పొడవు 900 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అందులో డ్రమ్ము వైపు కనీసం 450 మిల్లీమీటర్ల భాగం పైన రేకుతో కప్పి ఉండాలి. ఈ రెండు అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవడానికి కొలబద్ద అవసరం లేదు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వీధుల్లో పూలమ్మే స్త్రీలు నేటికీ మాలను మోచేతి నుంచి నడివేలి కొస దాకా చాచి కొలుస్తారు. ఆ మూర దాదాపు 450 మిల్లీమీటర్లు. రెండు మూరలు ఒక గజం, అంటే సుమారు 900 మిల్లీమీటర్లు. ప్రమాణం చెప్పింది ఇంతే: దోనె గజం ఉండాలి, అందులో మూరెడు మూసి ఉండాలి. రేకు కిందికి మోచేతి దాకా చేయి దూర్చినా వేలి కొస డ్రమ్ము పళ్లను అందుకోదు. నిద్ర ముంచుకొచ్చినా, మత్తులో ఉన్నా, పక్కవాడు పిలిచి చూపు మరలినా ఆ దూరం తగ్గదు. మనిషి ఏమరుపాటును మాన్పించడానికి ఇప్పటివరకు ఏ శాస్త్రమూ మార్గం చూపలేదు. ఏమరుపాటును పట్టించుకోని దూరాన్ని మాత్రం ఒక కమ్మరి రేకు ముక్కతో కట్టగలడు.

రాయలసీమ దక్షిణ భాగంలో ఈ మాట వేరుశనగకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం దశాబ్దాలుగా ఈ పంట మీద పనిచేస్తూ ‘నారాయణి’, ‘ధరణి’ వంటి రకాలను రైతులకు అందించింది. జనం నోట శెనక్కాయ అనే ఈ పంటను ఒకప్పుడు చెట్టు పెరికి, ఇంటిల్లిపాదీ కూలీలూ కూర్చుని కాయలు చేతితో ఒలిచేవారు. ఇప్పుడు ఎండిన చెట్లను కుప్ప వేసి యంత్రానికి అందిస్తారు. వరి పన లాగా వేరుశనగ చెట్టు నిలువుగా, విడివిడిగా ఉండదు. తీగలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. ముందు కొసను డ్రమ్ము పళ్లు పట్టినప్పుడు వెనుక కొస కూలీ వేళ్లకు, గాజులకు, చొక్కా చేతికి మెలిపడి ఉంటే, చెట్టుతోపాటు చేయి కూడా లోపలికి జారుతుంది. 50 సెంటీమీటర్ల వ్యాసంతో డ్రమ్ము నిమిషానికి 400 చుట్లు తిరుగుతోందనుకుంటే దాని పళ్ల వేగం సెకనుకు పది మీటర్లు దాటుతుంది. మనిషి చేయి వెనక్కి లాక్కునే వేగం దీని దరిదాపులకు కూడా రాదు. కాస్త పచ్చిగా ఉన్న తీగలు డ్రమ్ముకు చుట్టుకుని యంత్రం మొరాయించినప్పుడు, ఇంజన్ ఆపకుండా క్లచ్ మాత్రం తొక్కి, చేత్తో ఆ చిక్కు తీయబోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన పని. క్లచ్ మీద కాలు జారితే డ్రమ్ము తిరుగుతుంది. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి చిక్కు తీస్తున్న మనిషే జేబులో వేసుకుంటే, ఆ యంత్రాన్ని మరొకరు నడిపే అవకాశమే ఉండదు.

ఇంత తేలిక ఉపాయం ఎందుకు పాటించరన్న ప్రశ్నకు జవాబు అద్దె పద్ధతిలో ఉంది. నూర్పిడి యంత్రం సొంతంగా ఉన్న రైతులు కొద్దిమందే. మిగిలినవారికి అది గంటల లెక్కనో బస్తాల లెక్కనో అద్దెకు వస్తుంది. మబ్బు పడుతున్నప్పుడు, కాయ తడిస్తే బూజు పడుతుందన్న భయం ఉన్నప్పుడు, తరువాతి ఊరి వాళ్లు యంత్రం కోసం కాచుకుని ఉన్నప్పుడు ఇంజన్ ఆపిన ప్రతి నిమిషానికీ ఖరీదు ఉంటుంది, ఆ ఖరీదు మేస్త్రీ మాటలో కూలీ చెవిన పడుతూనే ఉంటుంది. మూరెడు రేకు కప్పిన దోనెలో కుప్ప వేగంగా దూరదన్న కారణంతో కొందరు ఆ రేకును కోసి పారేస్తారు. ఆ కోత మొదట మిగిల్చేది నిమిషాలను. చేయి పోగొట్టుకునే కూలీకి ఆ మిగులులో వాటా ఉండదు.

పాడి విస్తరించిన పలమనేరు, కుప్పం, పుంగనూరు ప్రాంతాల్లో యంత్రం ఏకంగా ఇంటి వాకిట్లోకి వచ్చింది. చాఫ్ కట్టర్‌లో రెండు పళ్ల రోలర్లు గడ్డిని పట్టి ముందుకు తోస్తే, బరువైన చక్రానికి బిగించిన కత్తులు దాన్ని ముక్కలు చేస్తాయి. ఈ చక్రం బరువుగా ఉండడానికి కారణం ఉంది: తిరుగుతున్న బరువులో గతిజశక్తి, అంటే కదలిక వల్ల నిల్వ ఉండే శక్తి, చేరి ఉంటుంది, గట్టి కాడ అడ్డుపడినప్పుడు ఆ నిల్వ వాడుకునే చక్రం ఆగకుండా సాగిపోతుంది. 50 కిలోల బరువు 40 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో అంచు వైపు పరచుకుని ఉన్న చక్రం నిమిషానికి 300 చుట్లు తిరిగితే అందులో సుమారు 4,000 జౌళ్ల శక్తి ఉంటుంది. అదే బరువున్న బస్తాను 8 మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల మిద్దె మీద నుంచి జారవిడిస్తే నేలను తాకేటప్పుడు ఉండే శక్తి అంత. స్విచ్ ఆపడంతో కరెంటు ఆగుతుంది కానీ ఈ నిల్వ ఆగదు. కత్తులు మరికొంత సేపు తిరుగుతూనే ఉంటాయి, శబ్దం తగ్గింది కాబట్టి అంతా అయిపోయిందని మనిషి అనుకునేది సరిగ్గా అప్పుడే. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుందన్నది కూడా గుర్తుంచుకోదగినది. గడ్డి త్వరగా తెగాలని మోటారుకు పెద్ద పుల్లీ వేసిన ఇంట్లో ఈ నాలుగింతల ప్రమాదం కొలువై ఉంటుంది.

ఢిల్లీ ఐఐటీలో దినేశ్ మోహన్, రాజేశ్ పటేల్ హర్యానా గ్రామాల్లో సేద్యపు గాయాలను పరిశీలించి 1992లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో మార్గదర్శకమైనది. గడ్డి కోసే యంత్రాల దగ్గర గాయపడుతున్న వారిలో పిల్లలు ఉండడం, అది పెద్దలు పని చేస్తున్నప్పుడే కాక యంత్రం ఊరికే నిలిచి ఉన్నప్పుడు పిల్లలు చక్రాన్ని తిప్పి ఆడుకోవడం వల్ల కూడా జరగడం వారి దృష్టికి వచ్చింది. అందుకు వారు సూచించిన పరిష్కారాలు ఖరీదైనవి కావు: కత్తుల ముందు ఒక అడ్డు, వాడనప్పుడు చక్రం కదలకుండా ఒక తాళం. బడి నుంచి వచ్చిన పిల్లవాడికి చక్రం ఆటవస్తువే; దాన్ని అలా కాకుండా చేయగలిగేది చువ్వంత ఇనుప మేకు మాత్రమే, తల్లిదండ్రుల గదమాయింపు కాదు.

తిరిగే యంత్రాలన్నీ వేగం వల్లనే ప్రమాదకరం అనుకుంటే చెరకు గానుగ ఆ అభిప్రాయాన్ని సరిదిద్దుతుంది. ఒకదానికొకటి ఎదురుగా తిరిగే రోళ్ల మధ్య ఉండే ఇరుకుసందు దేన్నయినా లోపలికి లాగుతుందే తప్ప బయటికి నెట్టదు. అందుకు వేగం అవసరం లేదు, పట్టు చాలు. 1870వ దశకంలో బీహార్‌లోని బీహియాలో థామ్సన్, మైల్న్ అనేవారు తయారుచేసిన ఇనుప రోళ్ల గానుగ దేశమంతా పాకి, కొయ్య గానుగలను వెనక్కి నెట్టింది. ఎడ్లు తిప్పిన కాలంలోనే రోళ్ల మధ్య వేళ్లు నలిగేవి. మోటారు వచ్చాక నలగడం వేళ్లతో ఆగడం మానేసింది. అంతకు ముందే వెస్టిండీస్ చక్కెర తోటల్లో బానిసలతో పనిచేయించిన గానుగల పక్కన ఒక గొడ్డలి సిద్ధంగా ఉంచేవారని ఆ కాలపు రచనలు నమోదు చేశాయి. చిక్కిన చేతిని నరికితే తప్ప మొత్తం మనిషిని రోళ్లు మింగకుండా ఆపే ఉపాయం ఆ యంత్రంలో లేదు. రెండు మూడు శతాబ్దాల తరువాత కూడా చిత్తూరు పల్లెల్లో బెల్లం కోసం ఆడే అనేక గానుగల్లో చెరకు అందించే మనిషి చేతికి అందేటట్టు ఒక ఆపు మీట లేకపోవడం బాధాకరం. మోకాలితో తోసినా ఆగే అడ్డకర్ర స్విచ్, చెరకు మాత్రమే దూరేటట్టు రోళ్ల ముందు ఒక ఇరుకు గొట్టం, ఇవి రెండూ ఊరి వెల్డింగ్ షాపులో తయారయ్యేవే.

మోటారుతో నడిచే గానుగకూ చాఫ్ కట్టర్‌కూ ఈ ప్రాంతంలో మరో ప్రమాదం పొంచి ఉంది. వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు నిర్ణీత గంటలే వస్తుంది కాబట్టి, అర్ధరాత్రి పొలానికి నడిచి వెళ్లే బాధ తప్పడానికి రైతులు బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. మామూలు స్టార్టర్‌లో నోవోల్ట్ కాయిల్ అనే చిన్న విద్యుదయస్కాంతం ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే అది స్విచ్‌ను పట్టి ఉంచుతుంది. పోగానే వదిలేస్తుంది, మళ్లీ ఎవరైనా బొత్తాం నొక్కితే తప్ప మోటారు లేవదు. బోరు మోటారుకు పెట్టిన ఆటో స్టార్టర్‌నే గానుగకో గడ్డి యంత్రానికో కలిపితే, కరెంటు పోయినప్పుడు అడ్డుపడ్డ పిప్పిని తీయడానికి చేయి పెట్టిన మనిషి, కరెంటు తిరిగి వచ్చిన క్షణాన తన చేయి యంత్రంలో ఉండగానే అది లేవడం చూస్తాడు. బోరుకు వరమైన పరికరం గానుగ దగ్గర ఉరి.

పీటీవో కడ్డీ మీద తయారీదారు తొడిగే ప్లాస్టిక్ గొట్టం కూడా రేకు లాంటిదే. అది కడ్డీతోపాటు తిరగకుండా బేరింగుల మీద నిలిచి ఉంటుంది. చిన్న గొలుసుతో ట్రాక్టర్ బాడీకి కట్టి ఉంచుతారు. కొంగు దాన్ని తాకినా గొట్టం తిరగదు, లోపల కడ్డీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అయితే క్రాస్ జాయింట్లకు తరచూ గ్రీజు పెట్టవలసి ఉంటుంది, గొట్టం అడ్డువస్తుంది. మొదటి సర్వీసింగులో ఊడదీసిన గొట్టాన్ని చాలా చోట్ల తిరిగి బిగించరు. ఇది మెకానిక్ సోమరితనం కంటే డిజైన్ లోపం అనడం న్యాయం. గ్రీజు గన్ మూతి దూరేటంత రంధ్రమో, వేళ్లతో తెరిచి మూసే కిటికీయో గొట్టంలోనే పెట్టిన నమూనాల్లో దాన్ని ఊడదీసే అవసరమే రాదు. రైతుకు సబ్సిడీ మీద యంత్రం ఇచ్చే అధికారులు కొనుగోలు రోజున గొట్టం ఉందా అని చూస్తారు. రెండో పంట నాటికి ఉందా అని చూసే ఏర్పాటు కూడా అంతే అవసరం. గార్లదిన్నెలో ఉన్న దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ రాయలసీమ రైతులకు దగ్గరలోని పెద్ద శిక్షణ కేంద్రం. యంత్రాన్ని నడిపే డ్రైవర్లతోపాటు, దోనె దగ్గర నిలబడే కూలీ స్త్రీలు కూడా అటువంటి తరగతుల్లో కూర్చోగలిగితే ఆ జ్ఞానం ప్రమాదం జరిగే చోటికి చేరుతుంది.

ప్రమాదం జరిగినప్పుడు మొదటి పని ఇంజన్ ఆపడం. యంత్రాన్ని వెనక్కి తిప్పి చేయి లాగబోతే ఎముకా నరమూ మరింత చీలిపోవచ్చు. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డను మడిచి గట్టిగా నొక్కిపట్టి ఉంచాలి. పసుపు, కాఫీపొడి, మట్టి వంటివి గాయంలో పోయకూడదు. తెగిన భాగం దొరికితే దాన్ని కడగడానికి కాస్త శుభ్రమైన నీరు చాలు. తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి, ఆ సంచిని మంచు కలిపిన నీటిలో పెట్టాలి. మంచుగడ్డ మీద నేరుగా పెడితే కణజాలం గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. వేలిలో కండరం దాదాపు లేదు కాబట్టి చల్లగా ఉంచితే అది పన్నెండు గంటలకు పైగా నిలవగలదు. కండరం నిండిన ముంజేయికి ఆరు గంటల గడువే ఎక్కువ. చాఫ్ కట్టర్ కత్తి తెగ్గోసిన వేలిలో రక్తనాళాలు నున్నగా తెగుతాయి కాబట్టి తిరిగి అతికించే అవకాశం ఉంటుంది. పీటీవో మెలితిప్పి పెరికిన చేతిలోనూ, గానుగ నలిపిన చేతిలోనూ నాళాలు సాగి చీలిపోయి ఉంటాయి, అవకాశం బాగా తక్కువ. 2005లో మొదలైన 108 అంబులెన్సులు, తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులు, కృత్రిమ అవయవాలు కూడా అమర్చే దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రి ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్నాయి. చిత్తూరు వైపు వారికి సరిహద్దు దాటగానే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఉంది. అక్కడే పాల్ బ్రాండ్ 1940వ దశకం చివర నుంచి కుష్ఠువ్యాధి వంకర చేసిన చేతులను శస్త్రచికిత్సతో మళ్లీ పనికి వచ్చేటట్టు చేసి, చేతి శస్త్రచికిత్సకు ప్రపంచంలోనే కొత్త దారి వేశాడు.

చేతి విలువను చట్టం కూడా లెక్కగట్టింది. యంత్రాలతో సేద్యం చేసే కూలీలను కూడా తన పరిధిలోకి తీసుకున్న 1923 నాటి పరిహార చట్టం, శాశ్వతంగా కోల్పోయే సంపాదన శక్తిని అవయవాల వారీగా పట్టిక వేసింది: బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14, నడివేలు 12, ఉంగరపు వేలు కానీ చిటికెనవేలు కానీ పోతే 7. బొటనవేలికి మిగతావాటి కంటే రెట్టింపుకు పైగా విలువ కట్టడానికి కారణం శరీరశాస్త్రంలోనే ఉంది. మిగిలిన నాలుగు వేళ్లకు ఎదురుగా వచ్చి పట్టు ఇచ్చేది అదొక్కటే, అది లేని చేయి కొడవలి పట్టదు, కలుపు పీకదు, పాలు పితకదు. ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో నడిచే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో రెండు చేతులు పోతే 2 లక్షలు, ఒక చేయి పనికిరాకుండా పోతే లక్ష రూపాయలు వస్తాయి. బొటనవేలు ఒక్కటే పోయినవారికి అందులో పద్దు లేదు. నూర్పిడి అద్దె యంత్రం దగ్గర యజమాని ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు పంట రైతుది, యంత్రం మరొకరిది, కూలీలను తెచ్చింది మేస్త్రీ. ముగ్గురూ ఒకరి వైపు ఒకరు వేలు చూపుకునే ఆ చోట, కోసి పారేసిన రేకు ముక్క సాధారణంగా కళ్లం గట్టున తుప్పుపడుతూ ఉంటుంది. దాన్ని తిరిగి దోనె మీద అతకడానికి వెల్డింగ్ షాపులో అరగంట పడుతుంది.